గొంతు తప్ప మిగతాదంతా

పోయిన వారం భాగంలో చెల్లెల్ని బావ గుమ్మం ముందు నిలబెట్టి ఆగాం. అక్క పోయి అప్పటికి యాభై మూడు రోజులు. ఏడేళ్ళపాటు తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని అక్క ఒక ప్రోగ్రామ్ రాసింది. దాని పేరు ‘పలుకు’. జబ్బు చేసో ఆపరేషనయ్యో నోట మాట పోయినవాళ్ళు టాబ్లెట్ మీద అక్షరాలు నొక్కితే, వాళ్ళ బదులు అది పైకి మాట్లాడుతుంది. అక్క నోటుపుస్తకం చివర్లో చెల్లెలికి రెండు లైన్లు కనిపించాయి: “పలుకును అందరికీ వదిలెయ్యాలి. ముందు ఆయన్ని అడగాలి.” అడగకముందే, బస్టాపులో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఇప్పుడు చట్టప్రకారం ఆ ప్రోగ్రామ్ మీద హక్కు బావది. ఆయన సంతకం కోసం లాయరు రాసిచ్చిన కాగితం సంచిలో పెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు నాలుగంతస్తులూ ఎక్కి బెల్లు నొక్కింది.

బావ లిఫ్టు మెకానిక్. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన చేతిమీద నడుస్తాయి. ఆయనుండే బిల్డింగుకి మాత్రం లిఫ్టు లేదు. అక్క ఈ మాట వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. చెల్లెలికి మెట్లెక్కుతున్నప్పుడు అది గుర్తొచ్చింది. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఈ యాభై మూడు రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం కూడా మానేసింది.

బావ తలుపు తీశాడు. గడ్డం గీసుకున్నాడు గానీ చెంప కింద ఒక చోట వదిలేశాడు.

“రా బుల్లీ. చెప్పులు లోపలే విడువు. మెట్లు కడుగుతున్నారు.”

భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద విప్పదీసిన లిఫ్టు తలుపు తాళం, చిన్న స్ప్రింగు, పళ్ళు తోముకునే పాత బ్రష్షు. ఆదివారం కూడా పని ఇంటికి తెచ్చుకుంటున్నాడన్నమాట. ఒక కుర్చీ మీది సామాను తీసి కింద పెట్టాడు.

“టీ తాగుతావా?”

“తాగే వచ్చాను బావా.”

“అయినా పెడతాను.”

ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె చప్పుడు, నీళ్ళ చప్పుడు వినిపించాయి. కాసేపటికి టీ పొంగిన వాసన వచ్చింది. అంతలో లోపల్నుంచి అక్క అడిగింది:

“గ్యాసు కట్టేశావా?”

చెల్లెలు కూర్చున్నచోటే ఉండిపోయింది. లేవాలనిపించలేదు, భయం వేయలేదు. ఆసుపత్రిలో ఆమె రోజుకి పదిసార్లు ఈ గొంతే వింటుంది. మాట పోయినవాళ్ళకి మాట నేర్పే థెరపిస్టు ఆమె. పలుకు వాడేవాళ్ళంతా ఆమె పేషెంట్లే. అక్క ఈ ప్రోగ్రామ్ మొదలుపెట్టిందే చెల్లెలు అడిగినందుకు. అప్పట్లో కొనడానికి దొరికే గొంతులు రైల్వే స్టేషన్ మైకులా ఉన్నాయని అక్క తన గొంతే ఇచ్చింది. రెండేళ్ళపాటు, బట్టల బీరువాలో మోకాళ్ళు ముడుచుకు కూర్చుని, నాలుగు వేల వాక్యాలు చదివి రికార్డు చేసింది. ఆ ముక్కల్నే అతికించి పలుకు మాట్లాడుతుంది. ఆసుపత్రిలో నలభైమంది అక్క గొంతుతోనే మంచినీళ్ళు అడుగుతారు, అక్క గొంతుతోనే విసుక్కుంటారు.

అయితే అది ఆసుపత్రి. ఇది వంటిల్లు.

లేచి వెళ్ళి చూసింది. బిస్కెట్ డబ్బాకి ఆనించి ఒక టాబ్లెట్ ఉంది. బావ గ్లాసుల్లో టీ వంపుతున్నాడు. తిరిగి చూడలేదు.

“ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగింది.

“రెండో వారం నుంచి.” ఒక గ్లాసు ఆమె చేతికిచ్చాడు. “నేనేం రాస్తే అది అంటుంది కదా. తను అననిది ఒక్కటి కూడా రాయలేదు. కావాలంటే చూసుకో.”

చూసింది. పదకొండు వాక్యాలు దాచి పెట్టుకున్నాడు. లే, ఆరైంది. తాళం తీసుకున్నావా? ఆ చొక్కా విప్పి పడెయ్, ఒకటే గ్రీజు వాసన. గ్యాసు కట్టేశావా? అన్నిటికన్నా అడుగున ఒక్క మాట ఉంది: సరేలే. ఆ మాట ఏ వేళలో నొక్కుతాడో ఆమె అడగలేదు.

ఇద్దరూ బల్ల దగ్గరికి వచ్చారు. టీలో చక్కెర ఎక్కువైంది. ఆమె సగం తాగి కాగితం బయటికి తీసింది. బావ చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ మొదటి లైను నుంచి చివరిదాకా చదివాడు. కొత్త లిఫ్టు వైరింగు బొమ్మ కూడా ఇలాగే చదువుతాడని అక్క చెప్పేది, వేలు పెట్టి, ఒక్కో లైనూ.

“నీ నోటితో చెప్పు. ఇందులో ఏముంది?”

“పలుకును ఎవరైనా వాడుకోవచ్చు. అడగక్కర్లేదు. లోపల ఎలా రాశారో విప్పి చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు, మార్చొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఒకటే షరతు. మార్చి ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు, ఆ మార్పు కూడా ఇదే పద్ధతిలో ఇవ్వాలి. తాళం వేసి దాచుకోకూడదు.”

“అమ్ముకోవచ్చా?”

“అమ్ముకోవచ్చు. కానీ కొన్నవాడికి కూడా ఈ హక్కులన్నీ ఇవ్వాలి.”

“రేపు నేను వద్దనుకుంటే?”

ఈ ప్రశ్నకి మెత్తగా ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది. తీరా నోటికొచ్చింది ఇంతే: “ఒకసారి వదిలాక వెనక్కి తీసుకోలేం బావా.”

ఆయన తల ఊపాడు. వేలు రెండో పేజీలో ఒక లైను మీద ఆగింది.

“గొంతు కూడానా?”

“గొంతు కూడా. అది లేకపోతే పలుకు మూగది.”

బావ కళ్ళజోడు తీసి పేపరు మీద పెట్టాడు. బ్రష్షు తీసుకుని తాళం ముక్కని తోమడం మొదలుపెట్టాడు.

“నా లిఫ్టుల్లో ఒకావిడ మాట్లాడుతుంది, తలుపులు మూసుకుంటున్నాయి, రెండో అంతస్తు అంటూ. పాతికేళ్ళుగా వింటున్నాను. ఆవిడెవరో నాకు తెలీదు. ఉందో పోయిందో తెలీదు. లోపల జనం ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, ముక్కులో వేలు పెట్టుకుంటూ ఉంటారు. ఆవిడ చెప్తూనే ఉంటుంది.” బ్రష్షు ఆపాడు. “మీ అక్కని అలా చెయ్యమంటావా?”

“అక్కే చెయ్యాలనుకుంది బావా.”

“రేపు ఎవడో ఆ గొంతుతో బూతులు పలికిస్తాడు. ఇంకెవడో ముసలివాళ్ళకి ఫోన్ చేసి, అమ్మా నేను బ్యాంకు నుంచి, అంటాడు. చెయ్యరని చెప్పగలవా?”

“చెప్పలేను.”

“లాయరు చెప్పగలడా?”

“అతనూ చెప్పలేడు. షరతులు మీరినవాళ్ళ మీద కేసు వెయ్యొచ్చన్నాడు. ముందు వాళ్ళు దొరకాలి కదా.”

బావ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే తేలికగా ఉండేదేమో అనుకుంది.

“నువ్వు అడిగావనే కదా తను మొదలుపెట్టింది. ఏడేళ్ళు. ఒక్క ఆదివారం నాకు మిగల్లేదు. ఫ్యాను చప్పుడు రికార్డింగులో పడుతుందని ఎండాకాలం కూడా ఆపేసేది. నేనేమైనా అన్నానా? అనలేదు. ఇంత చేసి, నన్ను ఒక్క మాట ఎందుకు అడగలేదు?”

“అడగాలి అని రాసుకుంది.”

“రాసుకుంది.” ఆయన స్ప్రింగుని చూపుడు వేలితో బల్ల మీద దొర్లించాడు. “నాతో అనలేదు.”

దీనికి జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కతే. చెల్లెలు గ్లాసులో మిగిలిన టీ వైపు చూసింది. పైన మీగడ కట్టింది. ఇంటికి వెళ్ళిపోదామా అనిపించింది. అలా అనిపించడంలో కూడా బాధ లేదు, బస్సు టైమెంత అన్నట్టుగా వచ్చిపోయింది. వెళ్ళిపోయేదే. కానీ కండక్టర్ గారి సంగతి చెప్పకుండా వెళ్తే తప్పు.

“మా దగ్గర ఒక కండక్టర్ గారున్నారు. రిటైరయ్యారు. గొంతులో క్యాన్సరొస్తే స్వరపేటిక తీసేశారు. ముప్పై ఏళ్ళు బస్సులో అరిచి బతికిన మనిషి. అక్క గొంతు మొదటిసారి వచ్చినప్పుడు ఆయన రాసిన మాటేంటో తెలుసా? ముందుకు జరగండమ్మా, వెనకంతా ఖాళీ, అని.”

బావ మూతి కొస కొంచెం కదిలింది. “మీ అక్క చెప్పింది.”

“ఫోన్లో ఆడగొంతు విని స్నేహితులంతా మర్యాదగా మాట్లాడుతున్నారట. ఇన్నేళ్ళకి ఒరేయ్ పోయి అండీ వచ్చిందని రాశారు. ఆయన టాబ్లెట్‌కి ఈమధ్య కంపెనీ అప్‌డేట్ వచ్చింది. దాంతో పలుకు తెరుచుకోవడం లేదు. ఆయనదొక్కటే కాదు, పదకొండు టాబ్లెట్లు అలాగే అయ్యాయి.”

“కాగితం మీద రాసి చూపించొచ్చు కదా.”

“నాకు రాసి చూపిస్తారు. ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన భార్యా. ఆవిడకి చదువు రాదు.”

బావ చెయ్యి ఆగింది.

“తొమ్మిది రోజులుగా వాళ్ళింట్లో మాటల్లేవు,” అంది చెల్లెలు. “మొన్న ఇద్దరూ వచ్చారు. ఆవిడ నన్ను పక్కకి పిలిచి అడిగింది. ఆయనకి నా మీద కోపమొచ్చిందా అమ్మా, ఏమీ అనడం లేదు, అని.”

కింద మెట్లు కడుగుతున్న చీపురు చప్పుడు వినిపిస్తోంది.

“మీ ఆసుపత్రిలో కంప్యూటర్ చూసేవాళ్ళు లేరా?”

“ఒకతనున్నాడు. చూసి, రెండు గంటల పని అన్నాడు. కానీ ముట్టుకోడు. వేరేవాళ్ళ సొత్తు విప్పి మార్చే హక్కు అతనికి లేదు, ఆసుపత్రివాళ్ళు ఒప్పుకోరు. మీరు సంతకం పెడితే రేపు పొద్దున్నే మొదలుపెడతానన్నాడు.” ఆగింది. “బావా, ఆ ఎనిమిదంతస్తుల బిల్డింగు గుర్తుందా? మీరు రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదట.”

ఆయనకి గుర్తుంది. మొహం చూస్తేనే తెలుస్తోంది.

“లిఫ్టు మోటారుకి ఏమీ కాలేదు,” అన్నాడు నెమ్మదిగా. “తాళ్ళు కొత్తవి. కంట్రోలర్‌లో చిన్న సెట్టింగు మారిస్తే చాలు. దానికి పాస్‌వర్డ్ పెట్టినవాళ్ళు అదెవరికీ చెప్పకుండా కంపెనీ మూసేసుకుని పోయారు. పై అంతస్తులో మోకాళ్ళు పనిచెయ్యని పెద్దావిడ. నాలుగు నెలలు కిందికి దిగలేదు.”

“అప్పుడు మీరేమన్నారు?”

“నాకేం గుర్తు?” అన్నాడు. కానీ ఆయనే చెప్పాడు. “చచ్చేవాళ్ళు తాళం ఎవరికో ఒకరికి ఇచ్చి చావొచ్చు కదా, అన్నాను.”

ఆ మాట బయటికి వచ్చాక ఇద్దరూ దాన్నే వింటున్నట్టు కూర్చున్నారు. బావ స్ప్రింగుని తీసి తాళంలో దాని చోట పెట్టాడు. మరలు ఒక్కొక్కటే బిగించాడు. నాలుగో మర బిగించాక కాగితం తన వైపు లాక్కున్నాడు.

“తాళం ఇస్తాను. గొంతు ఇవ్వను.”

“బావా...”

“విను. కండక్టర్ గారి దగ్గరా మిగతావాళ్ళ దగ్గరా ఇప్పటికే ఉన్నది ఉండనీ. వాళ్ళ నుంచి నేను లాక్కోను. మీ అక్క తన చేత్తో ఇచ్చింది వాళ్ళకి. కానీ ఊరూపేరూ తెలీనివాళ్ళందరికీ అంటే, అది నా వల్ల కాదు.”

“కొత్తగా తీసుకునేవాళ్ళకి ఏదో ఒక గొంతు ఉండాలి కదా.”

“నీది ఇవ్వు.”

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక టీ గ్లాసు పక్కకి జరిపింది. చిన్నప్పుడు ఆమెకి నత్తి. పన్నెండేళ్ళొచ్చేదాకా క్లాసులో తన పేరు తాను చెప్పుకోలేకపోయింది. పక్కనుంచి అక్కే చెప్పేది. ఆ నత్తిని ఒక్కో అక్షరం దగ్గరా గెలుచుకుంటూ వచ్చింది. అలసిపోయినప్పుడు ఇప్పటికీ ‘ప’ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది.

“నీ గొంతు ఇస్తావా బుల్లీ?” బావ అడిగాడు. దెప్పుతున్నట్టు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. “నాలుగు వేల వాక్యాలు. ఎవడు ఏం పలికించినా ఊరుకోవాలి. వెనక్కి తీసుకోడానికి లేదు. నన్ను అడుగుతున్నావు కదా, నువ్వు ఇస్తావా?”

ఇంతసేపూ తాను అడుగుతున్నది ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. నలభైమంది పేషెంట్ల గురించి ఆలోచించింది. చట్టం గురించి, తేదీల గురించి ఆలోచించింది. తన నోటి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. తెలియని ఊళ్ళో, తెలియని మనిషి చేతిలో, తన గొంతు ‘ప’ దగ్గర ఆగడం ఊహించుకుంది. కుర్చీ అంచు పట్టుకుంది.

బావ తాళాన్ని పేపరు మీద పక్కకి జరిపాడు.

“ఇస్తాను,” అంది చివరికి.

గొప్పగా ఏమీ అనిపించలేదు. చెయ్యి చాపితే రక్తం తీసుకున్నట్టు, అయిపోయింది అంతే.

ఆయన లోపలికి వెళ్ళి స్కేలు తెచ్చాడు. గొంతు గురించి రాసిన మూడు లైన్లనీ స్కేలు పెట్టి నీటుగా కొట్టేశాడు. పక్కన పొట్టి సంతకం చేశాడు. ఆఖరి పేజీలో పూర్తి సంతకం చేసి తేదీ వేశాడు. కాగితం ఆమె వైపు తిప్పాడు. సాక్షి దగ్గర ఆమె సంతకం చేసింది. అక్క ఏడేళ్ళ పని అక్కడితో ఇల్లు దాటింది. పెన్ను మూత పెట్టిన చప్పుడు తప్ప గదిలో ఏమీ మారలేదు.

“ఇంకేమైనా ఉందా?”

“ఒక్కటి. రాసినవాళ్ళ పేర్లు పైన వెయ్యాలి. అందులో చెయ్యి పెట్టిన ప్రతి ఒక్కరి పేరూ ఉండాలి, ప్రతి ఒక్కరి ఒప్పుకోలూ కావాలి. లేకపోతే ఈ కాగితం చెల్లదన్నాడు కంప్యూటర్ అతను.”

“ప్రతి ఒక్కరూ ఏంటి? మీ అక్క ఒక్కతే కదా.”

“చూసి రాసుకు రమ్మన్నాడు.”

బావ బీరువాలోంచి అక్క లాప్‌టాప్ తెచ్చి తాళం పక్కన పెట్టాడు. చార్జింగు పెట్టి వెలిగేదాకా ఇద్దరూ ఎదురుచూశారు. కంప్యూటర్ అతను దేని తరువాత ఏది నొక్కాలో చీటీ మీద రాసిచ్చాడు. చెల్లెలు చీటీ చూసుకుంటూ పలుకు దాచి ఉన్న సర్వర్ తెరిచింది. అందులో ఎవరు ఏ రోజు ఏ లైను మార్చినా, పేరుతో సహా రాసి ఉంటుంది. చరిత్ర అంటారు దాన్ని.

మొదటి మూడేళ్ళూ అక్క పేరే. పేజీల తరబడి అక్క పేరే. చెల్లెలు కిందికి జరుపుతూ పోయింది. నాలుగో ఏడు మధ్యలో ఇంకో పేరు వచ్చింది.

మిణుగురు.

అసలు పేరు కాదు, పెట్టుకున్న పేరు. ముందు రెండు చోట్ల కనిపించింది, తరువాత వారానికోసారి. ఆఖరి ఏడాది వచ్చేసరికి అక్క పేరు ఒకటైతే మిణుగురు రెండు. చెల్లెలు లెక్క చూసే గడి నొక్కింది. మొత్తం మార్పుల్లో మూడో వంతు ఆ పేరు మీదే ఉన్నాయి.

“ఎవరు?” అన్నాడు బావ.

“నాకు తెలీదు. మీకు?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని తెర మీదికి వంగాడు. “అన్నిటికన్నా చివరిది చూపించు.”

ఆమె వరసలో చివరికి వెళ్ళింది. తేదీ చదివింది. తప్పు చదివానేమోనని గోడమీద క్యాలెండరు చూసి, మళ్ళీ తెర చూసింది. ఆ మార్పు ఇవాళ్టిది. పొద్దున ఆరూ పదికి చేసింది. చేసినవాళ్ళ పేరు మిణుగురు. ఏం చేశారో ఎదురుగా ఒక లైనులో రాసి ఉంది: గొంతు విభాగంలో కొత్త వాక్యాలు, పన్నెండు.

“కొత్తవి ఎలా ఉంటాయి?” అంది.

బావే చెయ్యి చాపి మొదటిది నొక్కాడు.

మొదట రికార్డింగులో కుర్చీ జరిగిన శబ్దం. ఎక్కడో బండి వెళ్ళిన శబ్దం. తరువాత అక్క దగ్గి, గొంతు సవరించుకుని, వాక్యం చదివింది. “నాకు నొప్పి లేదు, అలసటగా ఉంది.” ముక్కలు అతికిన మాట కాదు, ఒకే ఊపిరిలో చదివిన మాట. ఈ ఇంట్లో, ఆ బీరువాలో చదివింది కాదది.

రికార్డింగు ఆగలేదు. అక్క పక్కనుంచి ఇంకో మనిషి, నింపాదిగా, చనువుగా అన్నారు: “మళ్ళీ ఒకసారి చదువు. అంత తొందరేం లేదు.”

బావ చెయ్యి తెర మీదే ఉండిపోయింది. చెల్లెలు ఆయన మొహంలోకి చూసింది. చెంప కింద గీయకుండా వదిలేసిన చోట చర్మం అదురుతోంది.

“ఈ గొంతు నాకు తెలుసు,” అన్నాడు.

(తరువాయి వచ్చే వారం)